వెనక సీట్లో నోరీన్

ఆ శుక్రవారం క్లిఫర్డ్ బస్సులో తనంతట తాను నర్సరీకి చేరితే మొక్కల పని అతనిది. చేరలేకపోతే ఆ చోటు వరుసలో ఉన్న ఇంకొకరికి పోతుంది. అతనికి దారి నేర్పడానికి బ్రాక్స్‌డేల్ పట్టణ కౌన్సిల్ ఇచ్చిన గడువు ఆ రోజుతో సరి. క్లిఫర్డ్‌కు నలభై దాటాయి. చదవడం రాదు, గడియారం చూడటం అంతంతమాత్రం. కానీ టమాటా నారు చేతికిస్తే ప్రాణం పెట్టి పెంచుతాడు.

అతనికి తోడుండే ఉద్యోగం నోరీన్‌ది. దారి నేర్పడానికి ఒక పద్ధతి ఉంది. మొదట పక్కన కూర్చోవాలి, తర్వాత వెనక వరుసలోకి జరగాలి, చివరికి బస్సులో ఆఖరి సీటుకు పోవాలి. బస్సెక్కాక ఇద్దరూ ఒకరికొకరు తెలియనట్టే ఉండాలి. ఈ చివరి నియమం క్లిఫర్డ్ బుర్రకెక్కడానికి నోరీన్ నానా తంటాలూ పడింది. మొదట్లో అతను సీట్లోంచి వెనక్కి తిరిగి చెయ్యి ఊపుతూ, "నోరీన్, నువ్వు నాకు తెలీదు కదా!" అని బస్సంతా వినేలా అరిచేవాడు.

ఆ రోజు ఎండ కాస్తోందని నోరీన్ వానకోటు క్లిఫర్డ్ ఇంట్లోనే వదిలేసి వచ్చింది. క్లిఫర్డ్ పాస్ చూపించి, డ్రైవర్‌కు దణ్ణం పెట్టినంత పని చేసి, కిటికీ పక్కన కూర్చున్నాడు. వెనకే ఎక్కిన నోరీన్‌ను డ్రైవర్ టికెట్ అడిగాడు. ఆమె జేబులో చెయ్యి పెడితే పాసూ లేదు, పర్సూ లేదు. రెండూ వానకోటులోనే ఉండిపోయాయి.

"అయ్యో, నేను అతని మనిషినేనయ్యా. కావాలంటే అడుగు. క్లిఫర్డ్, నేనెవరో చెప్పు నాయనా!"

క్లిఫర్డ్ ఆమెను కిందినుంచి పైదాకా చూశాడు. మొహం చిట్లించాడు.

"తెలీదు. డ్రైవర్ గారూ, ఈవిడ నా వెంట పడుతోంది."

తెలియనివాళ్లు వెంటపడితే డ్రైవర్‌కు చెప్పమని నేర్పింది కూడా నోరీనే.

"వయసొచ్చింది గానీ బుద్ధి రాలేదు!" అంది ముందు సీట్లోని ముసలమ్మ. "పాపం ఆ అబ్బాయి జోలెందుకే నీకు?"

"దిగమ్మా, దిగు. నాకు ఆలస్యమవుతోంది" అన్నాడు డ్రైవర్.

నోరీన్‌కు తల కొట్టేసినట్టయింది. దిగింది. బస్సు వెళ్లిపోయాక, స్టాపులో అంటించిన కాగితం కంటపడి పై ప్రాణాలు పైనే పోయాయి. చర్చి వీధి తవ్వేశారట, బస్సులు మిల్లు రోడ్డు మీదుగా పోతాయట. చర్చి వీధిలో నీలం తలుపుల చేపల వేపుడు దుకాణం కనబడగానే దిగడానికి గంట నొక్కాలని క్లిఫర్డ్‌కు నేర్పింది. ఆ గుర్తు తప్ప అతనికి వేరే గుర్తు లేదు. ఇవాళ ఆ దుకాణం దారిలోనే రాదు.

నర్సరీకి ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. క్లిఫర్డ్‌కు చేసినా లాభం లేదు, బస్సులో ఫోన్ ఎత్తడు. అదీ ఆమె పాఠమే. క్లిఫర్డ్ ఇంటికి పరుగెత్తి, కోటు తెచ్చుకుని, తర్వాతి బస్సెక్కింది. దారిపొడవునా కిటికీకి మొహం ఆనించి, రోడ్డు మీద ప్రతి మనిషినీ వెతుక్కుంటూ పోయింది. ఇంతకాలం కష్టపడి అతన్ని తనే ముంచేశానని కళ్లనీళ్లు పెట్టుకుంది. మొక్కల పని సంగతి ఆమెకు అసలు గుర్తే రాలేదు, మనిషి దొరికితే చాలనుకుంది.

నర్సరీలో క్లిఫర్డ్ ఏప్రన్ కట్టుకుని నారుకు నీళ్లు పోస్తున్నాడు.

"ఒరే, ఎలా వచ్చావురా?" నోరీన్ అతని భుజాలు పట్టుకుని ఊపేసింది.

"బస్సులో."

"చేపల దుకాణం రాలేదుగా?"

"రాలేదు. భయమేసింది. ఆ ముసలమ్మని అడిగా. ఆవిడ డ్రైవర్‌ని కేకేసింది. మలుపులో ఆపాడు. అక్కణ్ణుంచి నర్సరీ గాజు పైకప్పులు కనబడ్డాయి, నడిచొచ్చా."

ఎవరూ నేర్పని పని, అడగడం. నోరీన్‌కు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. ఏం నేర్పినా ఇంత బాగా నేర్పలేకపోయేదాన్నని ఆమెకు తెలుసు, కాస్త అసూయ కూడా పడింది.

"అంతా బాగానే ఉంది గానీ, నన్ను బస్సులోంచి దింపించేస్తావా?"

"నువ్వే కదా చెప్పావు" అన్నాడు క్లిఫర్డ్, నీళ్లు పోయడం ఆపకుండా.

నర్సరీ యజమానురాలు హెస్టర్ మట్టిచేతులతో టీ కప్పులు పట్టుకొచ్చింది. రోజూ అడిగినట్టే నోరీన్ వైపు తిరిగి అడిగింది. "అయితే ఇవాళ ఎలా తీసుకొచ్చావు?"

"నేనే వచ్చా" అన్నాడు క్లిఫర్డ్. "ఆవిడే ఆలస్యంగా వచ్చింది."

హెస్టర్ ఒక కప్పు నోరీన్‌కు ఇచ్చి, ఇంకోటి క్లిఫర్డ్ చేతిలో పెట్టింది. ఈసారి అతన్నే అడిగింది.

"మరి సోమవారం నుంచి పనిలోకి వస్తున్నావుగా. నోరీన్ కూడా రావాలా?"

క్లిఫర్డ్ టీ ఊదుకుని ఒక గుక్క తాగాడు.

"వస్తే రమ్మను" అన్నాడు. "వేరే బస్సులో."