మైనం కరిగిన మెట్టు

స్పీకర్లలో ఆ గాంధారం వెంట్రుకవాసి కిందికి జారగానే భీమశంకరానికి ఒళ్లు మండింది.

గ్లాస్ మాంగూస్ బ్యాండు అరవై ఏడులో ఒకే ఒక్క రికార్డు తీసి మూతబడింది. అప్పుడు కుక్క కూడా వినలేదు. నలభై రెండేళ్లకి ఎవరో దాన్ని సీడీ వేస్తే, ఇవాళ బర్కిలీలో ఈ రికార్డుల కొట్టు నిండా జనం. సీడీ లోపలి కాగితంలో ‘వీణ: డానీ’ అని ఉంది. అది చూసే, తన పేరు వేయించుకుందామని కూతురు రేణుని వెంటబెట్టుకుని ఫ్రీమాంట్ నుంచి వచ్చాడు.

వీణ భీమశంకరం తల్లిది. వాయించింది తను. చదువుకునే రోజుల్లో ఒకే గదిలో ఉంటూ ఆ డానీకి రెండేళ్లు చారన్నం వండిపెట్టాడు. రికార్డింగు రోజు గ్యారేజీ ఉక్కకి వీణ మెట్ల కింద మైనం మెత్తబడి గాంధారం మెట్టు జరిగింది, స్వరం కిందికి దిగింది. సరిచేస్తానంటే, “ఉండనీ, బాగుంది” అన్నది డానీయే.

ఇప్పుడు తెల్లజుట్టు ముడేసుకుని మైకులో చెబుతున్నాడు. “ఆ స్వరం హిమాలయాల్లో ఒక స్వామి నాకు ఉపదేశించాడు.”

“హిమాలయాలట! ఫ్రెస్నో ఊరు దాటిన మొహమేనా అది!” అన్నాడు భీమశంకరం.

“నాన్నా, ప్లీజ్. అందరూ చూస్తున్నారు.”

సీడీల మీద సంతకాల లైన్లో తన వంతు వచ్చింది. డానీ తలెత్తకుండానే అడిగాడు. “ఎవరి పేరు రాయమంటారు?”

“నాదే. వీణ పక్కన.”

డానీ తలెత్తాడు. గుర్తుపట్టాడు. ముందుకి వంగి గొంతు తగ్గించాడు. “శంకీ, నీకు ఉద్యోగం, ఇల్లు, పిల్ల, అన్నీ వచ్చాయి. నాకు ఈ పాటొక్కటే మిగిలింది. వదిలెయ్.”

“అడిగుంటే ఇచ్చేవాణ్ణేమోరా. ఇన్నేళ్లలో ఒక్కసారి అడిగావా?”

డానీ మైకు అందుకుని నవ్వాడు. “చూశారా, ఇండియాలో కూడా నాకు ఫ్యాన్సున్నారు!”

జనం చప్పట్లు కొట్టారు.

భీమశంకరం వాడి చేతిలో మార్కరు లాక్కున్నాడు. తన సీడీలోంచి కాగితం బయటికి తీసి డానీ పేరు కొట్టేసి, పైన తెలుగులో తన పేరు రాశాడు, ఇంటిపేరుతో సహా.

“అయ్యో సర్, పాడుచేసేశారే!” అంది కౌంటర్ పిల్ల.

బల్ల మీద ఇంకా రెండొందల సీడీలున్నాయి, సీలు తీయనివి.