ముఫ్తీ సాహెబు ఇత్తడి ముద్ర

నేను ఒక ఇత్తడి ముద్రను. కడపలో పేర్లు చెక్కే ముసలాయన ఒకడు నా ముఖాన అక్షరాలు తిరగేసి చెక్కి, ముఫ్తీ సిబ్గతుల్లా సాహెబు చేతిలో పెట్టాడు. ముఫ్తీ అంటే ఇస్లాం ధర్మశాస్త్రం చదివి, అడిగినవాళ్లకు జవాబు రాసిచ్చే పెద్ద. ఆ జవాబే ఫత్వా. ఆయన వెనక పోలీసులు లేరు, జైలు లేదు. ఉన్నదల్లా ఆయన చదువు, దాని కింద నేను. నిజం చెప్పొద్దూ, నాకు కాస్త గర్వం ఉండేది.

ఫత్వా అనగానే ఉలిక్కిపడేవాళ్లను చూస్తే నవ్వొస్తుంది. ఉపవాసంలో పళ్లపొడి వాడొచ్చా, పక్కింటి కోడి మా గూట్లో పెట్టిన గుడ్డు ఎవరిది? నేను రోజూ పడింది ఇలాంటివాటి జవాబుల కిందే.

ఒకనాడు జిలానీ అనే ఆయన కాగితం తెచ్చాడు. అన్న చనిపోయాడు, భార్య ఉంది, పిల్లలు లేరు, తమ్ముణ్ని నేనొక్కణ్నే, ఇల్లు ఎవరిది అని అందులో ఉంది. కాగితంలో ఉన్నదానికే జవాబివ్వడం ఆ గది ఆనవాయితీ. భార్యకు నాలుగో వంతు, మిగతాది తమ్ముడికి అని సాహెబు రాశారు. నేను ఠక్కున పడ్డాను.

మూడోనాడు ఆ అన్న భార్య ఖైరున్నిసా వచ్చింది.

"నాకు ఐదో నెల సాబ్. మీ కాగితం చూపిచ్చి ఇల్లు ఖాళీ చేయమంటాండాడు మా మరిది. ఈ కడుపుతో యాడికి పోవాల?"

సాహెబు ముఖం చిన్నబోయింది. కడుపులో బిడ్డకూ వాటా ఉంది. పుట్టేదాకా పంపకం ఆగాలి.

"తప్పు మీది కాదు సాబ్. ప్రశ్నను బట్టే జవాబని కిందనే రాసుంది గదా" అన్నాడు గుమాస్తా.

"రాసుంది. ఆమె కడుపుతో ఉందా అని నేనే అడగలా" అన్నారు సాహెబు.

'నేను పొరబడ్డాను. బిడ్డ పుట్టేదాకా ఆ ఇంటిని పంచరాదు, ఆమెను కదపరాదు' అని రాసి, దాని కింద నన్ను ఒత్తారు. సిగ్గుతో చచ్చిపోయాను. ఆయన మాత్రం ఆ కాగితం పట్టుకుని, నన్ను జేబులో వేసుకుని, ఎండలో జిలానీ ఇంటికి నడిచారు.

"ముందు కాగితం మీదా ఇదే ముద్ర ఉంది గదా సాబ్?" అన్నాడు జిలానీ.

"ఉంది. ఆ తప్పూ నాదే, ఈ దిద్దుబాటూ నాదే. నువ్వు దాచింది మాత్రం నీదే నాయనా."

జిలానీ లోపలికి పోయి పాత కాగితం తెచ్చిచ్చాడు.

ఖైరున్నిసాకు తన ఇంట్లోనే ఆడపిల్ల పుట్టింది. బిడ్డకు సగం, తల్లికి ఎనిమిదో వంతు, మిగిలింది జిలానీకి అని సాహెబు మళ్లీ రాశారు. దాచినవాడి వాటా కూడా ఆయన దాచలేదు.

ఇప్పుడు సాహెబు లేరు, రబ్బరు స్టాంపులు వచ్చాయి, నేను బీరువాలో ఉన్నాను. దిగులేమీ లేదు. తన మాట నెగ్గించుకోవడానికి ముద్ర వేసేవాళ్లు లోకంలో కొల్లలు. తన తప్పు మీద తానే ముద్ర వేసుకున్న చేతిలో బతికాను, ఆ చేతికి నేను రుణపడ్డాను.