చెప్పుల దోనె

ఏలూరులో నాగభూషణరావు గారి కొత్త హోటల్ గుమ్మం దాటగానే వరహాలమ్మకి ఒళ్లు మండిపోయింది. తన మొగుడు చిన్నరాజు తోలిన తాటిదోనె గోడవారగా ఉంది. వార్నిష్ కొట్టి, లోపల అడ్డపలకలు బిగించి అరలు చేశారు. ఆ అరల నిండా చెప్పులూ బూట్లూ ఉన్నాయి.

ఆర్నెల్ల కిందట హరిణి అనే అమ్మాయి కొల్లేటి లంకలో ఉన్న వాళ్ల ఊరొచ్చింది. పాత సామానుతో కొత్త ఫర్నిచర్ చేస్తుందట. మంచి మాటకారి. వరహాలమ్మ కడుపులో ఉన్నదంతా చెప్పుకుంది. ఆ దోనె మీదే చిన్నరాజు ముప్పయ్యేళ్లు వలేశాడు, వరదొచ్చిన ఏడు ముసలీ ముతకనంతా గట్టుకి చేర్చాడు. ఎంతటివాడైనా సరే, చెప్పులు ఒడ్డున విప్పితేగాని దోనె ముట్టుకోనిచ్చేవాడు కాదు. హరిణి అన్నీ పుస్తకంలో రాసుకుంది. నలుగురూ చూసేచోట గౌరవంగా నిలబెడతానంది. పోయిన మనిషి గుర్తు పదిమందిలో ఉంటుందని వరహాలమ్మ మురిసిపోయి ఊరికే ఇచ్చేసింది.

ఇవాళ ప్రారంభోత్సవానికి కారు పంపి మరీ పిలిపించారు. దోనె పక్కన నిలబెట్టి ఫోటో తీస్తారట.

హరిణి సంబరంగా ఎదురొచ్చింది. "మీరు చెప్పిందేనండీ. దోనె దగ్గర చెప్పులు విప్పడం మీ సంప్రదాయం కదా. అందుకే చెప్పుల స్టాండ్ చేశాను."

ఏమనాలి ఈ పిల్లని? ఇంత చదువు చదివి, అంత రాసుకుని, అసలు సంగతి మాత్రం గాలికొదిలేసింది.

"ఒడ్డున విప్పాలన్నాను తల్లీ. దోనెలో పెట్టమన్నానా?"

హరిణి మొహం పాలిపోయింది. నాగభూషణరావు గారు గబగబా వచ్చి చేతులు జోడించారు. అతిథులు చూస్తున్నారనీ, ముందు ఫోటో కానిస్తే మిగతాది తరవాత చూసుకోవచ్చనీ మెత్తగా చెప్పారు. పెద్దవాళ్లు చెప్పే ఆ 'తరవాత' ఎప్పుడొస్తుందో వరహాలమ్మకి బాగా తెలుసు.

తన చెప్పులు గుమ్మం బయట విడిచొచ్చింది. దోనె ముందు గొంతుక్కూర్చుని ఒక్కో జతా తీసి నేలమీద పెట్టసాగింది. మేజోళ్లతో నిలబడ్డ పెద్దమనుషులు ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకున్నారు. ఆపడానికి ఒక్కరూ ముందుకి రాలేదు. కాసేపటికి హరిణి కూడా తలొంచుకుని పక్కన కూర్చుని తియ్యడం మొదలెట్టింది.

చివరికి నల్లబూట్ల జత ఒకటి మిగిలింది. ఎవరివని అడిగింది వరహాలమ్మ. నాగభూషణరావు గారు తనవేనన్నారు. ఇందాక జోడించిన ఆ చేతుల్లోనే వాటిని పెట్టింది. కొంగుతో దోనె శుభ్రంగా తుడిచి, దాని పక్కన నిలబడింది.

"ఇప్పుడు తియ్యండి ఫోటో."