నడుము దగ్గర తెల్లటి మచ్చ

“నాకు తెలుసే, ఆ మిషన్ నా గురించి ఒక్క మంచిమాట కూడా చెప్పదు,” అంది తల్లి, స్కానింగ్ గది తలుపు ఇంకా తెరవకముందే.

బదులు చెప్పే ఓపిక కూతురికి ఎప్పుడో అయిపోయింది. ఎముకలు గుల్లబారే జబ్బు మీద ఆమె పరిశోధన. దగ్గుకో ఆయాసానికో తీయించుకున్న మామూలు ఛాతీ ఎక్స్‌రే చూపిస్తే, ఆ మనిషి ఎముకల్లో సత్తువ ఎంతుందో కంప్యూటర్ పసిగట్టగలదా అన్నది ఆమె తేల్చాలి. అది చెప్పింది నిజమో కాదో తెలియాలంటే, ఎముకల గట్టిదనం కొలిచే ఈ పెద్ద మిషన్ మీద అదే మనిషిని పడుకోబెట్టాలి. మనుషులు దొరక్క, అడిగి అడిగి నోరు నొప్పెట్టి, చివరికి తన పరిశోధన చూసే పెద్ద డాక్టర్ని ఒప్పించి, కన్నతల్లికే ఛాతీ ఎక్స్‌రే తీయించి వెంటబెట్టుకొచ్చింది.

తల్లికి భయపడటం కొత్త కాదు. పిల్ల తుమ్మితే న్యుమోనియా, ఫోన్ ఎత్తకపోతే యాక్సిడెంట్. కానీ ఈ భయం ఊరికే పుట్టింది కాదు. ఆమెను కన్న తల్లి స్నానాల గదిలో జారిపడి, తుంటి విరిగి మంచమెక్కింది. మళ్లీ దిగలేదు. ఆ మంచం పక్కన ఎత్తీ దించీ అరిగిపోయిన చేతులు ఈమెవే. రేపు తనకూ అదే రాసిపెట్టి ఉంటే, ఆ చాకిరీ అంతా ఈ పిల్ల నెత్తిన పడదూ? ఇప్పటికే దాని కళ్ల కింద నల్లటి చారలు.

బల్ల మీద పడుకోబెట్టారు. మిషన్ చెయ్యి నడుము మీదుగా నత్తలా పాకింది. అయిపోయాక, స్కాన్ తీసే అమ్మాయి తెర వంక చూసి, “ఏం తిన్నారు ఆంటీ చిన్నప్పుడు? నడుము ఇనప కడ్డీలా ఉంది,” అంది.

ఆ ఒక్కమాటతో తల్లికి గుండెల మీది బరువు దిగింది. కూరలమ్మే ఆవిడకు చెప్పింది, పక్కింటివాళ్లకు చెప్పింది, వినే ఓపిక లేనివాళ్లను ఆపి మరీ చెప్పింది. ఎత్తున ఉన్న డబ్బాలు స్టూలెక్కి తనే దించుకోవడం మొదలుపెట్టింది.

కూతురు మాత్రం రోజురోజుకూ వాడిపోతూ వచ్చింది. పేర్లు లేకుండా నంబర్లతోనే రాసుకున్న జాబితాలో అందరి లెక్కలూ కుదురుతున్నాయట, ఒక్క నంబరే మొరాయిస్తోందట. కంప్యూటరేమో ఆ మనిషివి బలహీనమైన ఎముకలంటుంది, మిషనేమో భేషంటుంది. ఒక్కటేగా, పక్కన పడెయ్యమని పెద్ద డాక్టర్ అన్నాడట. తనకు నచ్చనిదాన్ని తీసి పారేస్తే ఇంక అది పరిశోధన ఎలా అవుతుందని ఈమె పంతం. అన్నం కలుపుతూనే నిద్రపోయే స్థితికి వచ్చింది.

ఒక సాయంత్రం వచ్చి, చెప్పులైనా విప్పకుండా కుర్చీలో కూలబడింది.

“అమ్మా, ఆ నంబరు నీదే. స్కాన్ రోజు పొద్దున ఏం మింగావు?”

తల్లి గరిటె కింద పెట్టింది. “కాల్షియం మాత్రలు. గుప్పెడు.”

“ముందురోజు నుంచే మానెయ్యమని చెప్పాను కదమ్మా.”

“పరీక్ష హాలు గుమ్మం దాకా పుస్తకం తిరగేసేదానివి. నాకు మాత్రం భయం ఉండదా?”

కూతురు నవ్వలేదు, తిట్టనూ లేదు. నుదురు బల్లకు ఆనించి, అలాగే తల ఎత్తకుండా చెప్పింది. మింగిన మాత్రల్లో ఒకటి కరగక పొట్టలోనే ఉండిపోయిందట. దాని నీడ సరిగ్గా వెన్నుపూస మీద పడి, బొమ్మలో గుండ్రటి తెల్ల మచ్చయిందట. మిషన్ దాన్నీ ఎముకలోనే కలిపేసుకుందట. ఇన్నాళ్లూ తప్పు తన కంప్యూటర్‌దేనని దాన్ని విప్పి కుట్టి, కుట్టి విప్పి చచ్చిందట.

తల్లికి మొదట పిల్ల పడ్డ యాతన గుర్తొచ్చింది. ఆ వెనకే తను ఎక్కే స్టూలు. కంప్యూటర్ చెప్పిందే నిజమైతే?

“మళ్లీ తీయించుకోకపోతే ఏమవుతుందే? నన్ను లెక్కలోంచి తీసేస్తే నీ పనీ అయిపోతుంది కదా,” అంది మెల్లగా.

“నా పని అయిపోతుంది. నువ్వు ఇనప కడ్డీనని స్టూళ్లెక్కుతూ ఉంటావు.”

మళ్లీ వెళ్లారు. ఈసారి తల్లి ముందురోజు నుంచే మాత్రలు మానేసింది. మిషన్ పాకి ఆగింది. స్కాన్ తీసే అమ్మాయి జోకులేమీ వెయ్యకుండా లేచి కూతురికి కుర్చీ ఇచ్చి, బయటికి వెళ్లింది. తల్లి బల్ల దిగి, చీర కుచ్చిళ్లు సర్దుకుని, గోడ పట్టుకుని నిలబడింది. ఇక్కణ్ణుంచి కూతురి వీపు తప్ప తెర కనపడదు.

“మా అమ్మ లాగేనా?” అని అడిగింది.

కూతురు బొమ్మను పెద్దది చేసింది. మచ్చ లేదు. పాత బొమ్మ తెచ్చి పక్కన పెట్టింది. తల్లి ఇంకోసారి అడగబోయి, ఆ వంగిన భుజాలు చూసి ఊరుకుంది. ఎవరో తలుపు తోసి, లోపల మనుషుల్ని చూసి, మళ్లీ వేసేశారు. కూతురు కళ్లజోడు తీసింది. తుడిచింది. మళ్లీ పెట్టుకుంది.

“ఎముకలు బాగా లేవమ్మా,” అంది చివరికి, కుర్చీ ఇటు తిప్పి. “కానీ మందుంది. అమ్మమ్మ ఎముకల్ని ఆవిడ పడేదాకా ఎవరూ చూడలేదు.”