తోక లేని మరక

నేను ఒక ఇత్తడి ఇస్త్రీ పెట్టెను. బొగ్గులతో పనిచేసేదాన్ని. ఏడు కిలోలకు ఒక పిసరు తక్కువ తూగుతాను. మొదటే ఒక సంగతి ఒప్పేసుకుంటాను: నాకు ఓర్వలేనితనం ఎక్కువ. దాన్ని నేను కొలిమిలోంచి తెచ్చుకోలేదు, మనుషుల చేతుల్లోంచి తెచ్చుకున్నాను. పైకి నవ్వుతూ కడుపులో నిప్పులు పోసుకుని తిరిగేవాళ్లతో అన్నేళ్లు కాపురం చేస్తే మీకైనా అంటుకుంటుంది.

నన్ను పోతపోసింది శ్రీకాకుళం జిల్లా బుడితిలో. బిందెలూ చెంబులూ చేసే కంచరివాళ్లు, ఎవరో అడిగారని నన్నూ చేసి, మూత కొక్కేనికి సరదాగా ఒక కోడిపుంజు బొమ్మ అతికారు. కొట్లో నా పక్కనున్న బిందెలను పెళ్లివాళ్లు వచ్చి పసుపు రాసి మరీ పట్టుకుపోయేవారు. నన్ను అడిగిన ఆ పెద్దమనిషి మాత్రం మళ్లీ రాలేదు. ఎనిమిది నెలలు ఆ బిందెల వైభోగం చూస్తూ కూర్చున్నాను. కుళ్లుకోవడం అక్కడే మొదలైంది, ముదిరింది మాత్రం మనుషుల చేతుల్లోనే.

చివరికి టెక్కలి నుంచి గౌరమ్మ వచ్చి కొనుక్కుంది. కోర్టు ఎదురుగా ఆమెకు ఒక రేకుల పందిరి, ఒక బల్ల. ప్లీడర్ల కోట్లు, గుమస్తాల చొక్కాలు, అప్పుడప్పుడూ ముద్దాయిల పంచెలు కూడా నా కిందనుంచి వెళ్లాయి. గెలిచేవాడివీ ఓడేవాడివీ బట్టలు ఒకే వేడికి సాపు అవుతాయి. గౌరమ్మ అరచేతి వెనకభాగం నా దగ్గరగా పెట్టి వేడి చూసేది, ముందు పాతగుడ్డ మీద ఒకసారి నడిపేది, ఆ తర్వాతే చొక్కా ముట్టుకునేది. ఆమె చేతిలో నేను ఒక్క గుడ్డనూ కాల్చలేదు. ఆ పనితనం కొడుకు నీలాద్రికి వచ్చింది.

నీలాద్రి తుపాకీ పట్టాలని సైన్యంలో చేరాడు. అక్కడివాళ్లు అతని చేతిపని ఏమిటో అడిగి ధోబీగా రాసుకున్నారు. మొదటి సెలవుకు ఇంటికొచ్చి, కరెంటు పెట్టెలకు బరువు చాలదు అమ్మా అని చెప్పి, నన్ను ట్రంకు పెట్టెలో వేసుకుని మధ్యప్రదేశ్‌లోని కంటోన్మెంటుకు తీసుకుపోయాడు. యుద్ధం సంగతి నాకు తెలియదు గాని, మిగతా రోజుల్లో సైన్యమంటే చాలామటుకు ఇస్త్రీయే. గంజి పెట్టిన చొక్కా చేతి మీద మడత కత్తి అంచులా నిలబడకపోతే పెరేడులో సుబేదారు సాబ్‌కు కోపం వచ్చేది. నా మడత నిలబడేది. "నీలాద్రి ప్రెస్" అంటే ఆ రెజిమెంటులో ఒక పేరు. ఆ పేరులో సగం నాదని ఎవరూ అనలేదు, అది వేరే సంగతి.

అంతా బాగున్న రోజుల్లో ధర్మారావు దిగాడు. నీలాద్రి భార్య దమయంతికి స్వయానా తమ్ముడు, అదే రెజిమెంటులో రెండో ధోబీగా వచ్చాడు. పని నేర్పింది నీలాద్రే. నేర్చుకున్నవాడు ఊరుకోక ఒక కరెంటు పెట్టె తెప్పించాడు. తెల్లగా, తేలిగ్గా, వెనక పొడుగాటి తోకతో ఉండేది. బొగ్గు అక్కర్లేదు, విసనకర్ర అక్కర్లేదు, మీట నొక్కితే చాలు. కుర్ర ఆఫీసర్లు మెల్లగా దాని వైపు మళ్లారు. దాన్ని చూస్తే నాకూ, ధర్మారావును చూస్తే నీలాద్రికీ ఒకేసారి ఒళ్లు మండేది. అయినా ధర్మారావు చెడ్డవాడేం కాదు. అదే అసలు కష్టం. చెడ్డవాడైతే తిట్టుకుని హాయిగా ఉండేవాళ్లం.

నీలాద్రికి ఫ్యామిలీ క్వార్టరు ఆరేళ్ల తర్వాత దొరికింది. దమయంతి మూడేళ్ల కూతురు ఝాన్సీతో వచ్చి చేరింది. ఆ పిల్ల అప్పటిదాకా తండ్రిని ఏడాదికి ఒక నెల చూసింది. బండి దిగి నీలాద్రి చేతులు చాస్తే తల్లి చీర వెనక్కి పోయింది. ధర్మారావు పిల్లిలా మ్యావ్ అంటే మాత్రం కిలకిల నవ్వి అతని సైకిలెక్కింది. సొంత కూతురు మేనమామ సైకిలు మీద చక్కర్లు కొడుతుంటే నీలాద్రి బల్ల దగ్గర నిలబడి ఒక దుప్పటిని నాలుగుసార్లు ఇస్త్రీ చేశాడు. దుప్పట్లకు ఎవరూ ఇస్త్రీ చేయరు.

ఆరు నెలలు పట్టింది మచ్చిక కావడానికి. ఝాన్సీ నాన్నా అని పిలవడం, అతను కలిపితేనే అన్నం తినడం మొదలైంది. సరిగ్గా అప్పుడే రెజిమెంటుకు కాంగో కబురొచ్చింది. ఆఫ్రికాలో ఆ దేశానికి శాంతిసేనగా ఏడాదిపాటు ఒక దళం వెళ్లాలి. దళంతో ఒక వంటవాడు, ఒక మంగలి, ఒక ధోబీ. ధోబీకి సీనియారిటీ ప్రకారం మొదటి పేరు నీలాద్రిది. అతను కాదంటే రెండో పేరు ధర్మారావుది. వెళ్తాననో వెళ్లననో కాగితం మీద రాసి సంతకం పెట్టాలి. దాన్ని అక్కడ విల్లింగ్, అన్‌విల్లింగ్ అంటారు. శనివారం పది గంటలకు ఇద్దరూ మంచి యూనిఫారంలో కమాండింగ్ ఆఫీసరు ముందు నిలబడాలి, నీలాద్రి అక్కడే తేల్చి చెప్పాలి. యూనిఫారం సరిగా లేనివాడిని విదేశానికి పంపరు.

నీలాద్రికి వెళ్లాలని లేదు. నాకు తెలుసు, ఆ వారమంతా అతని చెయ్యి నా పిడి మీద బరువుగా పడింది. కానీ వెళ్లనని చెప్పడానికీ నోరు రాలేదు. మధ్యలో ధర్మారావు షెడ్డుకొచ్చి సూటిగా అడిగేశాడు.

"బావా, నువ్వు ఎల్తానంటే నాను నోరెత్తను. ఎల్లనంటే మాత్రం ఆ మాట గట్టిగా సెప్పీ. ఆ దేశం సూడాలని ఉంది నాకు. ఇమానం ఎక్కాలని ఉంది."

"సూద్దాం లేరా" అన్నాడు నీలాద్రి, తల ఎత్తకుండా.

దాచుకోవడం ఎందుకు, నా పరిస్థితీ అదే. నిప్పులతో నడిచేదాన్ని, నన్ను విమానం ఎక్కించరు. ధర్మారావు వెళ్తే ఆ తెల్లదాని పీడ నాకు విరగడవుతుంది. హాయిగా ఉండాల్సింది. కానీ అది మేఘాల మీదుగా సముద్రం దాటుతుందని తలుచుకుంటే నా కడుపులో బొగ్గులు వాటంతటవే రాజుకునేవి. నేను వెళ్లలేను, అది వెళ్తే చూడలేను.

గురువారం మధ్యాహ్నం భోజనాల దగ్గర దమయంతి కదిపింది. క్వార్టరు షెడ్డుకు ఆనుకునే ఉంటుంది, నాకు అన్నీ వినిపిస్తాయి.

"ఆరేళ్లు ఎదురుసూస్తే ఈ కోటరొచ్చింది మావా. గుంట ఇప్పుడిప్పుడే నీ దగ్గరికొస్తంది. ఏడాది ఎల్లిపోతే మల్లీ మొదటికే."

"నానెల్లకపోతే ఆడెల్తాడే."

"ఎల్తే ఎల్లనీ. ఆడికి పెల్లామా, పిల్లలా?"

"ఎల్లొచ్చి ఊరంతా సెప్పుకుంతాడు. నీ అమ్మ పదిమందిలో ఆడి ఫోటో సూపిస్తాది. పని నేర్పినోడు ఈడే అని ఒక్కరైనా అంతారా?"

దమయంతి నవ్వాలో ఏడవాలో తెలియక మజ్జిగ పోసింది.

శుక్రవారం పొద్దున్నుంచి కరెంటు లేదు. ట్రాన్స్‌ఫార్మరు కాలిందట, రేపటిదాకా రాదన్నారు. తెల్లది మూల బల్ల మీద తోక చుట్టుకుని పడుంది. నేను పొందిన ఆనందం ఇంతని చెప్పలేను. మధ్యాహ్నం ధర్మారావు తన మంచి చొక్కా తెచ్చాడు. మిగతా రెండూ ముసురుకు ఆరక తీగ మీదే ఉన్నాయి. తానే నాలో బొగ్గులు వేసి, విసిరి, "బావా, ఇది నీ సేత్తో అయితేనే బాగుంతాది" అని చొక్కా ఇచ్చి, బూట్లకు పాలిష్ పెట్టుకోవడానికి వెళ్లాడు.

నీలాద్రి చొక్కాను బల్ల మీద పరిచాడు. చేతి వెనకభాగంతో వేడి చూశాడు. వేడి ఎక్కువగా ఉంది. అది అతనికి తెలుసు, నాకు తెలుసు. పాతగుడ్డ పక్కనే ఉంది, దాన్ని ముట్టుకోలేదు. నన్ను తీసుకెళ్లి సరిగ్గా ఎడమ జేబు మీద దించాడు. దించి పిడి వదిలేశాడు.

గౌరమ్మ చేతిలో ఒక్క గుడ్డనూ కాల్చలేదని చెప్పాను కదా. ఆరోజు కాల్చాను. వాసన వచ్చింది, పొగ వచ్చింది, అప్పుడు నన్ను పైకెత్తాడు. నాకు బాధ కలిగిందని చెప్పుకుంటే బాగుంటుంది గాని, కలగలేదు. రేపు ఆ తెల్లది ఎక్కడికీ వెళ్లదనే సంతోషమే కలిగింది.

ధర్మారావు వచ్చి చూసి నిలువునా నీరుకారిపోయాడు.

"బొగ్గు ఎక్కువైపోనాదిరా" అన్నాడు నీలాద్రి. "పెట్టె సెయ్యి దాటిపోనాది."

నేనేదో కాళ్లొచ్చి నడిచినట్టు! మనుషులు తప్పును ఎంత సులువుగా ఇత్తడి మీదకు నెట్టేస్తారో. ధర్మారావు మాత్రం ఒక్క ముక్క అనుమానించలేదు. "నీ తప్పేటుంది బావా, బొగ్గులేసింది నానే కదా" అన్నాడు. నీలాద్రి అటు తిరిగి నాలోని బూడిద దులపసాగాడు.

సాయంత్రం దమయంతి ఆ చొక్కా తీసుకుంది, ఏమైనా చేయగలనేమోనని. ఆమె కూడా ఇస్త్రీ బల్లల కింద ఆడుకుని పెరిగిన మనిషి. మరకను వెలుతురుకు ఎత్తి పట్టి చాలాసేపు చూసింది. తర్వాత షెడ్డులోకొచ్చి మొగుడి ముందు పరిచింది.

"బొగ్గు ఎక్కువై కాలితే సెయ్యి ఉలిక్కిపడి లాగేస్తాది మావా. మరకకి తోకొస్తాది. దీనికి తోక లేదు. పెట్టె ఇక్కడే కూకుంది."

పడవలా, అంచులు తీర్చినట్టు, నా ఆకారం ఆ జేబు మీద అచ్చుగా ఉంది.

"తమ్ముడికి సెప్పను. నాకొక్కటి సెప్పు. నువ్వు ఎల్లాలని కాల్చినావా, ఆడు ఎల్లకూడదని కాల్చినావా?"

అతను చొక్కాను మరక కనపడకుండా మడిచి పక్కన పెట్టాడు. ఆ ప్రశ్న నన్నడిగినా నేనూ అలాగే తప్పించుకునేదాన్ని.

శనివారం పొద్దున్నే నీలాద్రి తన యూనిఫారం తీశాడు. చెప్పొద్దూ, ఆరోజు నేను చేసినంత బాగా జన్మలో ఎప్పుడూ చేయలేదు. ఒక్కొక్క మడతా గీత గీసినట్టు వచ్చింది. అతను దాన్ని తొడుక్కుని, బెల్టు బిగించి, ఇంట్లోకి వెళ్లాడు. ఝాన్సీ పీట మీద కూర్చుని అన్నం కోసం చూస్తోంది. తండ్రిని ఆ బట్టల్లో చూసి లేచి నిలబడింది. ఆ పిల్లకు తెలిసిన లెక్క ఒకటే: నాన్న కొత్త మడతల చొక్కా వేసుకున్నాడంటే రైలెక్కుతాడు. ఏడవలేదు, మారాం చేయలేదు. తన కంచం తీసుకెళ్లి తల్లి చేతికిచ్చి, "నువ్వు కలుపమ్మా" అంది.

నీలాద్రి షెడ్డులోకొచ్చి చొక్కా గుండీలు విప్పాడు. దమయంతిని పిలిచి, బ్లేడుతో చేతిమీది లాన్స్ నాయక్ గీత కుట్లు తెంపమన్నాడు, ధర్మారావుకు ఇంకా ఆ హోదా రాలేదు. ఇద్దరిదీ ఒకటే కొలత. ధర్మారావును పిలిచి ఆ చొక్కా అతని చేతిలో పెట్టాడు.

"తొడుక్కో. టైమవుతంది."

"మరి నువ్వు బావా?"

"నానెల్లట్లేదురా. ఇంకోటి. నీ సొక్కా పెట్టె కాల్చలేదు. నాను కాల్చినాను."

ధర్మారావు ముఖం ఎర్రబడింది. ఒక తిట్టు తిట్టాడు, ఇక్కడ రాయదగింది కాదు. చొక్కా బల్ల మీద విసిరికొట్టి గుమ్మం దాకా వెళ్లాడు. మళ్లీ వెనక్కి వచ్చి, కళ్లు తుడుచుకుని, చొక్కా తొడుక్కున్నాడు. కోపం తీర్చుకోవడానికి సమయం లేదు, పది కావస్తోంది. నీలాద్రి జేబు మీద అచ్చుతో ఉన్న చొక్కా తొడుక్కుని వెనకే వెళ్లాడు. ఆఫీసరు గది బయట సుబేదారు సాబ్ ఆ మరక చూసి హిందీలో దులిపేశాడట. అదే చొక్కాతో లోపలికి వెళ్లి నీలాద్రి అన్‌విల్లింగ్ అని సంతకం పెట్టాడు. నేను పెట్టిన మడతలు మాత్రం ఇంకొకడి ఒంటి మీద మెప్పు పొందాయి.

నీలాద్రి ఆ తర్వాత మారిపోయాడని మీరనుకుంటే పొరపాటు. నెలకొక ఫోటో వచ్చేది. శాంతిసేన నీలం టోపీ పెట్టుకుని ధర్మారావు ఏదో సరస్సు ఒడ్డున, ఏదో కొండ ముందు, ఆ తెల్ల పెట్టెను చేత్తో పట్టుకుని ఒకసారి. ఫోటో వచ్చిన రోజు నీలాద్రి నన్ను దబదబా దించేవాడు. "ఆడి మడతలు సూడు, వంకర" అనేవాడు. ఎవరూ వినకపోతే మళ్లీ అనేవాడు. ఝాన్సీ వచ్చి నాన్నా అన్నం అంటే ఫోటో బోర్లా పెట్టి వెళ్లేవాడు.

ఏడాదన్నది కాస్త సాగి, పద్నాలుగు నెలలకు ధర్మారావు తిరిగొచ్చాడు. నల్లబడ్డాడు, కాస్త చిక్కాడు. బావకోసం ఒక ఆవిరి ఇస్త్రీ పెట్టె తెచ్చాడు, నీళ్లు పోస్తే బుస్సుమనేది. ఆ పూటే నన్ను చల్లార్చి, బూడిద దులిపి, అటక మీద పెట్టారు. ఇప్పటికీ అక్కడే ఉన్నాను. నన్ను దింపిన రోజున ఆ బుస్సుమనేదాన్ని ఎంత తిట్టుకున్నానో చెప్పనక్కర్లేదు.

అటక మీద నుంచి గుమ్మం బాగా కనిపిస్తుంది. నన్ను పైకెక్కించిన సాయంత్రమే, ఆటకు పోయిన ఝాన్సీని నీలాద్రి ఇంటికి తీసుకొచ్చాడు. ధర్మారావు నీలం టోపీ సర్దుకుని, మోకాళ్ల మీద కూర్చుని, రెండు చేతులూ చాచి, పిల్లిలా మ్యావ్ అన్నాడు. ఝాన్సీ కదల్లేదు. తండ్రి వేలు పట్టుకుని, ఆ కొత్త మనిషిని కిందనుంచి పైదాకా చూసి అడిగింది.

"నాన్నా, ఈనెవుడు?"

"మావయ్యే, మన ధర్మా మావయ్య" అన్నాడు నీలాద్రి. పిల్ల రెండో చేత్తో కూడా ఆ వేలే పట్టుకుంది. ధర్మారావు టోపీ తీసి పక్కన పెట్టి మళ్లీ మ్యావ్ అన్నాడు, ఈసారి మెల్లగా. తర్వాత చేతులు దించేసి, బావ వేలిని పట్టుకున్న ఆ చిన్న గుప్పిళ్ల వంకే చూస్తూ ఉండిపోయాడు. ఆ చూపు నాకు కొత్త కాదు, నీలాద్రికి అసలే కొత్త కాదు. అందుకేనేమో నీలాద్రి తల తిప్పుకుని, పిల్లను మెల్లగా ముందుకు నెట్టాడు.