రెండు ఆపిల్ పళ్ళు

ఓడ రేవులో ఆగింది. దిగబోతూ కళ్ళజోడు కోసం సంచిలో చెయ్యి పెడితే రెండు ఆపిల్ పళ్ళు తగిలాయి. నేను పెట్టినవి కావు. పళ్ళతో ఒడ్డున దిగకూడదని, సీలు తియ్యని ప్యాకెట్లయితేనే తీసుకెళ్ళాలని పొద్దుటినుంచీ మైకులో చెవులు చిల్లులు పడేలా చెబుతూనే ఉన్నారు.

పిల్లలు ముచ్చటపడి ఈ ఓడ షికారుకి తీసుకొచ్చి, నన్నూ మా వియ్యపురాలినీ ఒకే గదిలో వేశారు. ఇంకెవరు పెడతారు? పదిమందిలో నా పరువు తియ్యాలని ఆవిడే పెట్టి ఉంటుంది. పెళ్ళినాటినుంచీ చూస్తున్నాను, ఆ నవ్వు తేనె పూసిన కత్తి. నేనేమైనా తక్కువ తిన్నానా? ఆవిడ చెప్పు సర్దుకోవడానికి వంగగానే రెండు పళ్ళూ ఆవిడ సంచిలోకి జారవిడిచాను.

గేటు దగ్గర అధికారి ఆవిడ సంచిలోంచి పళ్ళు పైకి తీశాడు.

“ఇవెవరివి?”

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, నా చెయ్యి నా సంచి మీదికి పోయింది. ఆవిడ ఒక్కసారి నావైపు చూసింది.

“నావేనండీ” అంది.

అందరి ముందూ చీవాట్లు తిని, పళ్ళు చెత్తబుట్టలో వేసి వచ్చింది. బయటికొచ్చాక నా చెయ్యి పట్టుకుంది.

“నిన్న ఆకలికి మీకు కళ్ళు తిరిగాయి కదా వదినగారూ, అందుకే వేశాను. ఆ మైకు గోల నాకెప్పుడూ అర్థం కాదు.”

తన సంచిలోంచి సీలు తియ్యని బిస్కెట్ ప్యాకెట్ తీసి నా సంచిలో పెట్టింది.

“దీన్నయినా అక్కడ ఉండనివ్వండి.”