సిగ్గెరిగిన చేను

తెల్లారి నమాజు కాగానే పీర్ బాషా కత్తెర పట్టుకుని ద్రాక్షతోటకు పోతాడు. ఓర్వకల్లు గుట్టల పక్కన రెండెకరాల పందిరి. గుత్తుల మీద పొద్దుటి ఎండ పడేటట్టు అడ్డమొచ్చిన ఆకులు తుంచుతాడు. తెల్లద్రాక్షే గానీ అంగట్లో దొరికే రకం కాదు. చిన్న కాయ, పలచని తోలు, లోపల గింజలు. గుత్తిలో వేలు దూరే సందుండదు. మాగేదాకా పులుపు వదలదు. మాగితే ఎండ తగిలిన వైపు తేనెరంగు తిరుగుతుంది, జామపండు వాసన వేస్తుంది. ఇది తినడానికి కాదు, వైన్ కోసమని కంపెనీ మనిషి మహానంది మొక్కలిచ్చిన రోజే చెప్పాడు. పీర్ బాషా మాత్రం భార్య మదార్ బీకీ, మసీదు పెద్దలకూ తినే రకమనే చెప్పుకున్నాడు.

ఆ చేను సంగతి ఊరందరికీ తెలుసు. సాగుచేసేవాడు తప్పు చేసి దాచుకుంటే అందులో తెల్లగా పండేది ఎర్రబడుతుంది. పీర్ బాషా నాయన గట్టురాయి జరిపిన ఏడాది పత్తి ఎర్రగా పగిలింది. రాయి వెనక్కి పోయాక తెల్లబడింది. వానకు నేల తడిసినట్టే అదీను.

ఈసారి రంజాన్ నెల వచ్చేసరికి గుత్తులు గులాబీరంగుకు తిరిగాయి. దారిన పోయేవాళ్లు చూసి తల దించుకుని పోయారు. ఎవరూ ఏమీ అడగలేదు. అడిగి తిట్టినా బాగుండునని పీర్ బాషాకు అనిపించింది.

మహానంది ఫోన్ చేశాడు. "ఎర్రబడినాయంట గదప్పా? మాకు తెల్లవే కావాల. శనివారం లారీ వస్తాది."

నిజం చెబితే పరువు పోతుంది. చెప్పకపోతే రెండేళ్ల కష్టం పోతుంది.

"ఏం చేసినావయ్యా?" అంది మదార్ బీ.

"ఏం లేదు."

తొలి కాపు మసీదుకు ఇవ్వడం ఆ ఇంటి ఆనవాయితీ. శుక్రవారం పొద్దున మదార్ బీ ఎర్రటి గుత్తులే కోసి గంపకెత్తింది. "ఒక్కపొద్దు ఇడిసేటప్పుడు నువ్వే తీసకపో. ఇస్తామని మాటిచ్చినా" అంది.

సాయంత్రం మసీదులో అజా పిలుపు అయింది. అందరూ ఖర్జూరం తీసుకున్నారు. ద్రాక్ష తట్ట వైపు ఒక్క చెయ్యీ రాలేదు. పీర్ బాషా చెవులు కాలిపోయాయి. నేల చూస్తూ నోరు తెరిచాడు.

"ఇవి తినేటివి కావు. వైన్ కోసరం పెంచినా. మీకు అబద్ధం చెప్పినా."

తట్టలో గుత్తులు ఒక్కొక్కటే తెల్లబడ్డాయి. మసీదు బాగోగులు చూసే ముతవల్లి అబూబకర్ ఓ కాయ నోట్లో వేసుకుని గింజలు అరచేతిలోకి ఊశాడు.

"కాయదేం తప్పు లేదు. శానా తియ్యగుండాది. ఇంక ఏం చేస్తావో నువ్వే చూసుకో బాషా" అన్నాడు.

శనివారం లారీ వచ్చేసరికి తోటంతా తెల్లగా మెరుస్తోంది. మహానంది సంబరపడిపోయాడు. పీర్ బాషా వద్దనొచ్చు. వద్దనాలనే వచ్చాడు కూడా. పందిరి కింద నిలబడి పైకి చూశాడు, రెండేళ్లూ గుర్తొచ్చాయి.

"కోయండి" అన్నాడు.

గుత్తులు ఎర్రబడలేదు. ఇప్పుడు దాచిందేమీ లేదు కదా. లారీ నిండి రోడ్డెక్కింది.

ఇంటికొచ్చి టోపీ తీసి మేకుకు తగిలించబోయాడు. మల్లెపువ్వులా ఉండే టోపీ గులాబీరంగులో ఉంది. మదార్ బీ సబ్బు పెట్టి ఉతికింది. రంగు వదల్లేదు.

"కొత్తది తెచ్చుకుందునా?" అన్నాడు.

"అదీ ఇంతేలేయ్యా" అంటూ ఆమె దాన్ని దండెం మీద ఆరేసింది.

పండగనాడు ఈద్గాలో అన్ని తెల్ల టోపీల మధ్య ఎర్రటోపీ ఒక్కటే. ఎవరూ దానివైపు చూడలేదు. అబూబకర్ అందరితో పాటే అతన్నీ అలాయ్ బలాయ్ తీసుకున్నాడు. ఆ కౌగిలిలో పీర్ బాషాకు సిగ్గుతో ఊపిరాడలేదు.

పాయసం కూడా తాగకుండా గడ్డపార తీసుకుని తోటకు పోయాడు. మొదటి తీగ మొదలంటా పెకిలించి, టోపీ తీసి చూసుకున్నాడు. ఇంకా ఎర్రగానే ఉంది. మళ్లీ పెట్టుకుని రెండో తీగ దగ్గరికి నడిచాడు.